తాతయ్య ఎదురింటి భోజనాలు

మొన్న మా చిన్నమ్మాయి కాపురం పెట్టిన ఊరు చూడ్డానికి వెళ్ళాం. పెళ్ళయి ఇంకా ఆరు నెలలు కాలేదు. రైలు దిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చామో లేదో పిల్ల కంచాలు పెట్టేసింది. మా వారు ఏ ఆలోచనా లేకుండా కూర్చుని, పప్పులో ఇంకాస్త నెయ్యి వేయించుకుని, వంకాయ కూర రెండోసారి అడిగి మరీ తిన్నారు. నేను మాత్రం మొదటి ముద్ద కలిపి ఆగిపోయాను.

"ఏమ్మా, ఉప్పెక్కువైందా?" అంది పిల్ల కంగారుగా.

"లేదు తల్లీ, బాగుంది" అని తినేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది. నా చెయ్యి ఆగింది మా తాతయ్య గుర్తొచ్చి.

ఇప్పటివాళ్ళకి చెబితే నవ్వుతారు గాని, మా చిన్నతనంలో మావంటి ఇళ్ళలో ఒక పట్టింపు ఉండేది. ఆడపిల్లకి పెళ్ళి చేసి పంపించాక, ఆమెకి ఒక బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్ళు ఆ ఇంట్లో ఎంగిలి పడకూడదు. చూడ్డానికి వెళ్ళవచ్చు. అరుగు మీద కూర్చోవచ్చు, అక్కడే పడుకోవచ్చు. అన్నం మాత్రం తినకూడదు. మరీ నిష్ఠగా ఉండేవాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. మనవడో మనవరాలో పుట్టాక ఆ నియమం తీరిపోయేది. చాలా కుటుంబాల్లో అది ఏడాది, రెండేళ్ళ ముచ్చట. ఎవరికీ పెద్ద బాధ ఉండేది కాదు.

మా అత్తయ్యకి, అంటే మా నాన్న చెల్లెలికి, పెళ్ళయి పదేళ్ళు దాటినా పిల్లలు కలగలేదు. దివిసీమలో ఏటికి అవతల ఒక పల్లెటూళ్ళో ఆమె కాపురం. తాతయ్య ఏటా కుప్పనూర్పిళ్ళు అయిపోగానే కూతుర్ని చూడ్డానికి వెళ్ళేవాడు. వెళ్ళిన ప్రతిసారీ వారం రోజులుండేవాడు. ఉన్నన్నాళ్ళూ ఎదురింట్లో తినేవాడు.

నేను ఆయనతో వెళ్ళింది ఒక్కసారే. అది నా చేత బడి మాన్పించిన ఏడు. అయిదో తరగతితో ఆడపిల్లకి చదువు చాలన్నారు. నేను నాలుగు రోజులు అన్నం మానేసి ఏడిస్తే తాతయ్య ఒక ఉపాయం చేశాడు. ఊళ్ళో కుర్రాళ్ళు ఒక కొట్టు వసారాలో గ్రంథాలయం పెట్టారు. గ్రంథాలయమంటే ఒక బీరువా, ఒక బల్ల. ఆడపిల్లలు అక్కడికి వెళ్ళేవారు కాదు గనక తాతయ్యే రోజూ సాయంత్రం వెళ్ళి తన పేర పుస్తకం తెచ్చి నాకిచ్చేవాడు. ఆ బీరువాలో పై అర నుంచి కింది అర దాకా ఒక వరసలో చదువుకుంటూ పోయాను. అర్థమైనవీ చదివాను, కానివీ చదివాను. పశువైద్యం కూడా చదివాను. ఈనాడు నాకు నాలుగు ముక్కలు తెలుసంటే ఆ బీరువా పుణ్యమే, ఆ తరవాత గుడివాడలో నేను స్వయంగా మెట్లెక్కిన గ్రంథాలయం పుణ్యమే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఎప్పుడూ సిగ్గు లేదు.

"పుస్తకాల్లో ఊళ్ళు చదివావు కదా, ఇప్పుడు ఊళ్ళు చూద్దువుగాని పద" అన్నాడు తాతయ్య. అలా బయల్దేరాం.

గుడివాడలో రైలెక్కాం. నాకు అదే మొదటి రైలు. బొగ్గు నలుసు కంట్లో పడి మంట పుడుతున్నా కిటికీ వదల్లేదు. మా ఎదురుగా చిలకలపూడి ఆవిడ ఒకామె కూర్చుంది. వాళ్ళింట్లో గిల్టు నగలు చేస్తారట. ఒళ్ళో మూట, మెడలో మూడు పేటల గొలుసు, చేతులనిండా గాజులు. అన్నీ మెరిసిపోతున్నాయి.

బండి కదలగానే తాతయ్య మూట విప్పాడు. అమ్మ కట్టిచ్చిన మినప దిబ్బరొట్టె, తేనెపాకం. రొట్టె తుంచి సగం ఆవిడకి ఇచ్చాడు.

"అయ్యో వద్దండీ. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతి తిండి తినకూడదంటారు" అంది ఆవిడ.

"తినేశాక తెలియనివాళ్ళం ఎలా అవుతామమ్మా?" అన్నాడు తాతయ్య.

ఆవిడ నవ్వి తీసుకుంది. తన మూటలోంచి కాల్చిన తేగలు తీసి మా ఒళ్ళో పోసింది. కాసేపటికి వాళ్ళాయన కోపం, వాళ్ళ తోడికోడలి పిసినారితనం, రొట్టె అడుగు మాడకుండా ఎర్రగా రావడానికి మూత మీద నిప్పులెలా వెయ్యాలో, అన్నీ మాటల్లోకి వచ్చేశాయి. తాతయ్య పద్ధతి అది. ఆయన ఎవరినీ మీ పేరేమిటి, మీ పొలమెంత అని అడిగేవాడు కాదు. మీ ఇంట్లో ఇది ఎలా వండుతారు అని అడిగేవాడు. దాంతో మనుషులు ఎక్కడెక్కడి తలుపులో తెరిచేసేవారు.

నేనూ ఊరుకోలేదు. బందరు రేవుకి పూర్వం ఏయే దేశాల ఓడలు వచ్చేవో, డచ్చివారు ఏం కొన్నారో, పరాసులు, అంటే ఫ్రెంచివాళ్ళు, ఎందుకు వెళ్ళిపోయారో, సముద్రం నీళ్ళు ఎందుకు ఉప్పగా ఉంటాయో, తేగ తింటూనే ఆవిడకి చెప్పేశాను.

"ఈ పిల్లెవరండీ బాబూ, రైలుకి కట్టిన బడిలా ఉంది" అంది ఆవిడ. పెట్టె అంతా నవ్వింది. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

బందరులో దిగి చూస్తే ఓడలూ లేవు, డచ్చివాళ్ళూ లేరు. సముద్రం ఊళ్ళో ఉండదని, చాలా దూరం నడవాలని తెలిసి నాకు ఏడుపొచ్చింది. "ముందు అన్నం తిందాం. అన్నం తిన్నాక ఏ ఊరైనా బాగానే కనిపిస్తుంది" అని తాతయ్య నన్ను ఒక పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు.

అది ఒక వితంతువు నడిపే ఇల్లు. పొడుగాటి హాల్లో రెండు వరసల్లో విస్తళ్ళు. కోర్టు పనుల మీద వచ్చిన రైతులు, కాలేజీ కుర్రాళ్ళు, ఒక గుమాస్తా, మేము. తాతయ్య విస్తరి ముందు కూర్చున్న కాసేపటికే రెండు వరసలూ ఒకే బంతి అయిపోయాయి. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకోవాలా, కలిపి నూరాలా అని ఒక తగాదా లేవదీశాడు. గుడివాడ వైపు రైతు ఒకటంటే పామర్రు ఆయన ఇంకొకటన్నాడు. గుమాస్తా కాగితం లేకుండానే తీర్పు చెప్పాడు. ఆ ఇంటావిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"నా హోటల్లో ఇంత గోల ఎప్పుడూ లేదయ్యా. మామూలుగా అందరూ తలొంచుకుని తిని లేచిపోతారు" అందామె. కోపంగా కాదు.

చివర మేమిద్దరమే మిగిలాం. మాకు మజ్జిగ పోస్తూ అడిగింది: "ఎందాకా ప్రయాణం?"

"దివిసీమ అమ్మా. మా అమ్మాయిగారిల్లు."

"పిల్లలెంతమంది అమ్మాయికి?"

"ఇంకా లేరు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "పెళ్ళయి?"

"పదేళ్ళు దాటింది."

"మరి అక్కడ మీ భోజనం?"

"ఎదురింట్లో."

ఆమె లోపలికి వెళ్ళి, హల్వా ముక్క ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ అత్తయ్యకివ్వు. బందరులో ఒకావిడ ఇచ్చిందని చెప్పు" అంది. బందరు హల్వా అంటే వేలు పెడితే జారిపోయే నల్లటి హల్వా. అది అత్తయ్యదాకా చేరింది గాని, అంచులు కాస్త గుండ్రమయ్యాక చేరింది.

మర్నాడు హ్యాండిలు తిప్పితే గాని ప్రాణం రాని బస్సెక్కి ఏటి ఒడ్డుకి వెళ్ళాం. కృష్ణ పాయ పడవలో దాటాం. అవతల మావయ్య, అంటే అత్తయ్య భర్త, ఎడ్లబండి కట్టుకుని ఎదురొచ్చాడు. దారి పొడుగునా కోసేసిన వరిచేలల్లో మినుము పచ్చగా ఉంది. ఊరు దగ్గరపడే కొద్దీ గాలి మారింది. ఎండు రొయ్యలు, తడి మట్టి, ఉప్పు, ఎక్కడో కాలుతున్న తాటాకు, అన్నీ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఎండు రొయ్యలు వేయిస్తుంటే నేను ఆ బండిలో ఉంటాను.

అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను ఎత్తుకోలేక ఎత్తుకుంది. తాతయ్య కాళ్ళకి నీళ్ళు ఇచ్చింది. ఆయన కాళ్ళు కడుక్కున్నాడు. తాగడానికి నీళ్ళు మాత్రం ఎదురింటావిడ ఇత్తడి చెంబుతో తెచ్చింది. ఎవరూ పిలవలేదు. బండి చప్పుడు వినగానే ఆవిడ చెంబు పట్టుకుని బయల్దేరిపోయినట్టుంది.

"రండి బాబాయ్‌గారూ. ఈ ఏడు ఆలస్యమైంది మీ రాక. మా వంటిల్లు చిన్నబోయింది" అంది ఎదురింటావిడ.

అత్తయ్య అత్తగారిని నేను మామ్మగారు అనేదాన్ని. పెద్ద గొంతు, పెద్ద బొట్టు, ఎవరికీ భయపడని మనిషి. ఆమె అరుగు చివర కూర్చుని చింతచిగురు దూస్తోంది. తాతయ్య నీళ్ళు తాగడం చూసి అంది:

"అన్నయ్యగారూ, మా కుండలో నీళ్ళూ ఎదురింటి కుండలో నీళ్ళూ ఒకే చెరువువి."

"చెరువు ఒకటే చెల్లెమ్మా. కుండ వేరు."

"ఆ కుండ చేసిన కుమ్మరే మాకూ చేశాడు."

"చేసినవాడు కుమ్మరే, కానీ..."

"సరేలెండి. మీతో మాట్లాడి గెలిచేదెవరు? మీరు నోరు తెరిచేది మాట్లాడ్డానికే, మా ఇంట్లో" అంది మామ్మగారు. తాతయ్య తల దించుకుని నవ్వాడు. వాళ్ళిద్దరూ ఏటా ఇదే తగాదా పడతారని తరవాత తెలిసింది.

ఆ వారం రోజులూ నేను అత్తయ్య ఇంట్లో తిన్నాను. పిల్లలకి పట్టింపు లేదు. తాతయ్య ఎదురింట్లో తిన్నాడు. అక్కడే అయినా సరిపోయేది, కానీ ఆయన్ని ఊరు వదల్లేదు. పొద్దున ఎవరో వచ్చి "ఇవాళ మా ఇంట్లో బాబాయ్‌గారూ, బొమ్మిడాయిలు దొరికాయి" అనేవారు. సాయంత్రం ఇంకొకరు. పదేళ్ళుగా అలా తిని తిని ఆ ఊళ్ళో ఎవరి పులుసులో పులుపెంతో, ఎవరింటి మాగాయలో మెంతిపొడి ఎక్కువో తాతయ్యకి తెలుసు. అలిగిన అన్నదమ్ములిద్దరిని ఒకే బంతిలో కూర్చోబెట్టి మాట కలిపించాడట ఒక ఏడు. "మీ నాన్న ఊరందరికీ వియ్యంకుడమ్మా" అని అత్తయ్యతో అనేవారు. అందరూ ప్రేమగానే అనేవారు.

ఒకరోజు అత్తయ్యతో మంచినీళ్ళ చెరువుకి వెళ్ళాను. మెట్ల మీద బిందె తోముకుంటూ ఒకావిడ అంది: "నిన్న మా పీతల కూర మీ నాన్నకి ఎంత నచ్చిందనుకున్నావు! రెండుసార్లు వేయించుకున్నారు. నువ్వొకసారి వచ్చి నేర్చుకోవే."

పక్కనున్నామె నవ్వింది. "నేర్చుకుని ఏం చేస్తుందే? పెట్టాలంటే ముందు కడుపు పండాలిగా."

మొదటావిడ "ఛ, ఊరుకో" అంది. అత్తయ్య కూడా నవ్వింది. బిందె నింపుకుని నడుమున పెట్టుకుంది. వస్తుంటే దారిలో మామూలుగా ఎన్నో చెప్పే మనిషి ఒక్క మాటే మాట్లాడింది: "పక్కకి రా పిల్లా, అక్కడ ముళ్ళున్నాయి."

ఆ పూట నాకు తాతయ్య మీద కోపమొచ్చింది. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని నిలదీశాను.

"తాతయ్యా, కూతురింట్లో తినకూడదని ఏ పుస్తకంలో ఉంది?"

"ఎందుకు?"

"మన బీరువాలో ఎక్కడా లేదు. నేను చూశాను."

"అన్నీ చదివావా?"

"పశువైద్యంతో సహా."

తాతయ్య నవ్వాడు. "పుస్తకంలో ఉంటే గీత గీసి కొట్టేసి వచ్చేవాణ్ణే అమ్మా" అన్నాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. పుస్తకంలో లేనిదానికి ఇంత బలం ఎక్కడిదో ఆ వయసులో నాకు తెలిసే వీలు లేదు.

వాదన పనిచెయ్యలేదు గనక నేను కొంటెపని మొదలుపెట్టాను. ఆరోజు అత్తయ్య చింతచిగురు వేసి పచ్చి రొయ్యలు వండింది. ఆ వాసనకి వీధిలో వెళ్ళేవాళ్ళు మెడ తిప్పి చూశారు. నేను ఒక గిన్నెనిండా తీసి, గుడ్డ కప్పి, పెరటి దారిన ఎదురింటికి పట్టుకుపోయాను. ఎదురింటావిడకి చెవిలో చెప్పాను. ఆవిడకి నాకంటే హుషారొచ్చింది. తన కూర పక్కన పెట్టేసి, ఆ రొయ్యలు తాతయ్య విస్తట్లో తనే వడ్డించింది. నేను గుమ్మం పక్క నక్కి చూస్తున్నాను.

తాతయ్య ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, ఆగాడు. తరవాత నెమ్మదిగా నమిలాడు. ఇంకో ముద్ద. గిన్నె ఖాళీ అయ్యేదాకా అదొక్కటే తిన్నాడు, పప్పు ముట్టలేదు, పచ్చడి ముట్టలేదు. వేలు చివర మిగిలింది కూడా వదల్లేదు.

"ఎలా ఉంది బాబాయ్‌గారూ?" అంది ఎదురింటావిడ, నవ్వు ఆపుకుంటూ.

"నీ చేతికి కొత్త రుచి వచ్చిందమ్మా" అన్నాడు.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి, నన్ను చూడకుండానే నాతో అన్నాడు: "మీ అత్తయ్య వాళ్ళమ్మ కూడా చింతచిగురు ఇలాగే, చివర్లో వేసేది."

నేను ఒక్క పరుగున రోడ్డు దాటాను. "అత్తయ్యా, తాతయ్య నీ కూర తిన్నాడు! నీదేనని తెలిసిపోయింది! అయినా తిన్నాడు!" అని అరిచాను. ఆమె ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అత్తయ్య చేతిలో ఉన్న అంట్ల గిన్నె కింద పెట్టేసింది.

"దొంగతనంగా పెట్టుకోవలసి వచ్చిందా నాన్నకి అన్నం?" అంది. నన్ను తిట్టలేదు. తల నిమిరింది. సాయంత్రంలోగా మామ్మగారు ఆమెని రెండుసార్లు వంటింట్లోకి పిలిచి ఏదో చెప్పింది. మూడోసారి అత్తయ్యే వెళ్ళి చాలాసేపు మాట్లాడింది.

మర్నాడు మా తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం పడవకి అందాలని మావయ్య బండి కట్టి వాకిట్లో నిలిపాడు. ఎదురింట్లో తాతయ్య కోసం విస్తరి వేసి ఉంది. తాతయ్య కండువా వేసుకుని అరుగు దిగబోతుంటే లోపలినుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"నాన్నా, ఒకసారి లోపలికి రండి."

నడవలో పీట వేసి ఉంది. పీట ముందు అరిటాకు. ఆకు మీద నీళ్ళు చిలకరించి ఉన్నాయి. అత్తయ్య పక్కన నిలబడి ఉంది. మామ్మగారు వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

తాతయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇది?"

"భోజనానికి కూర్చోండి."

"నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు" అంది అత్తయ్య. "నాకిక పిల్లలు పుట్టరు నాన్నా. పోయిన కార్తీకంలో బందరులో డాక్టరమ్మ చూసి చెప్పింది. మీ అల్లుడికి తెలుసు, అత్తయ్యగారికి తెలుసు. మీకే చెప్పలేదు."

తాతయ్య మామ్మగారి వైపు చూశాడు.

"నాకు తెలుసు అన్నయ్యగారూ" అంది మామ్మగారు. ఈసారి ఆ పెద్ద గొంతు చిన్నదైంది. "వాడికి ఇంకో పిల్లని చూడమని చెవులు కొరికేవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళకి చెప్పాల్సింది నేను చెప్పాను. నా కోడలు నా ఇంట్లోనే ఉంటుంది. మీరు ఆ సంగతి ఆలోచించకండి. పీట మీద కూర్చోండి."

తాతయ్య అక్కడే గోడకి చెయ్యి ఆనించాడు.

"పట్టింపు అని కాదమ్మా. అది పట్టుకుని ఉన్నన్నాళ్ళూ, వచ్చే ఏడు నీ ఇంట్లో తింటాను, వచ్చే ఏడు తింటాను అనుకుంటూ ఏరు దాటేవాణ్ణి. ఇవాళ కూర్చుంటే ఇక అది అయిపోయినట్టేగా. ఇక ముందు ఏమనుకుని రాను?"

"నేనున్నానని రండి" అంది అత్తయ్య.

ఎడ్లు మెడ కదిలిస్తే గంటలు మోగుతున్నాయి. మావయ్య గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. తాతయ్య కండువా తీసి కొయ్యకి తగిలించాడు. బయటికి వెళ్ళి మళ్ళీ కాళ్ళు కడుక్కుని వచ్చాడు. పీట మీద కూర్చున్నాడు.

అత్తయ్య వడ్డించింది. ముద్దపప్పు, నెయ్యి, దోసావకాయ, బొమ్మిడాయిల పులుసు, గుమ్మడి వడియాలు. తాతయ్య తలెత్తకుండా తిన్నాడు. మామ్మగారు గడప మీదనుంచి "పులుసు వెయ్యవే, చూస్తావేం" అని అదిలిస్తూ ఉంది. నేను స్తంభం పట్టుకుని లోలోపల ఉప్పొంగిపోతున్నాను. నా వాదనే గెలిచిందనుకున్నాను! పుస్తకంలో లేదని నేను చెప్పాను గనకే తాతయ్య ఒప్పుకున్నాడని నా నమ్మకం. పెద్దవాళ్ళు ముగ్గురూ కళ్ళు ఎందుకు తుడుచుకుంటున్నారో నాకు బోధపడలేదు.

చివరి ముద్దలకి వచ్చేసరికి అత్తయ్య ఉలిక్కిపడింది. పెరుగు లేదు. వాళ్ళ గేదె ఒట్టిపోయి ఉంది. పెరుగు రోజూ ఎదురింటినుంచి తెచ్చుకునేవారు. ఆ పూట తేలేదు. ఆకు వేసింది, పప్పు వండింది, పులుసు పెట్టింది, నాన్న నిజంగా కూర్చుంటాడని మాత్రం ఆమె కూడా అనుకోలేదన్నమాట.

ఆమె గుమ్మంలోకి వెళ్ళి రోడ్డు మీదుగా గొంతెత్తి పిలిచింది: "వదినా! కాస్త పెరుగుంటే పట్రా! మా నాన్న భోంచేస్తున్నారు!"

ఆ మాట వీధంతా వినిపించింది. వీధంతా వినాలనే అంత గట్టిగా అందేమో, నాకిప్పుడు అనిపిస్తుంది.

ఎదురింటావిడ పెరుగు గిన్నె పట్టుకుని పరుగున వచ్చింది. పీట మీద తాతయ్యని చూసి గుమ్మంలో ఆగిపోయింది. ఒకసారి ఆయన వంక, ఒకసారి అత్తయ్య వంక చూసింది. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళకి కొన్ని సంగతులు చెప్పనక్కర్లేదు. గిన్నె అత్తయ్య చేతికిచ్చి, "నువ్వే వెయ్యి" అంది.

తరవాత ముక్కు ఎగబీల్చి తాతయ్యతో అంది: "అయితే ఇక మా ఇంటికి రారన్నమాట. మా విస్తరి ఎండిపోతోంది అక్కడ."

"నువ్వే ఇక్కడికి రామ్మా. ఆ కూర కూడా తెచ్చేసుకో" అన్నాడు తాతయ్య. పీట మీద కూర్చున్నాక ఆయన మొదటిసారి నోరు విప్పింది అప్పుడే. మామ్మగారు "హమ్మయ్య, మాటొచ్చింది" అంది. నడవలో అందరూ ఒక్కసారి నవ్వారు. ఎదురింటావిడ నిజంగానే వెళ్ళి కూర తెచ్చింది.

ఆ రోజు పడవ తప్పిపోయింది. తప్పిపోయిందని ఎవరూ బాధపడలేదు. మావయ్య ఎడ్లని విప్పి నీళ్ళు పెట్టాడు.

అత్తయ్యకి పిల్లలు పుట్టలేదు. తాతయ్య మాత్రం ఏరు దాటడం మానలేదు. చివరి రెండేళ్ళు కర్ర పట్టుకుని, ఒకరు చెయ్యందిస్తే పడవెక్కి మరీ వెళ్ళాడు. ఆ ఊరివాళ్ళు ఆయన్ని భోజనానికి పిలవడానికి అత్తయ్య గుమ్మంలోకే వచ్చేవారట. సగంమంది అక్కడే తిని వెళ్ళేవారట. మామ్మగారు పోయిన తరవాత కూడా ఆ నడవలో బంతి పెరిగిందే గాని తగ్గలేదని చెప్పుకునేవారు. నేను ఆ తరవాత ఎన్నో పుస్తకాలు చదివాను, ఎన్నో ఊళ్ళు చూశాను, కొత్త ఊళ్ళో ఎవరింట్లోనైనా విస్తరి ముందు కూర్చుంటే మీ ఇంట్లో ఇది ఎలా వండుతారు అని అడగడం నాకూ అలవాటైంది. వాళ్ళంతా ప్రేమగా పెట్టారు, నేను ప్రేమగా తిన్నాను.

కానీ ఆ ప్రయాణంలో నాకు బాగా మిగిలిపోయింది ఆ మధ్యాహ్నం తరవాత జరిగిన చాలా చిన్న సంగతి. తాతయ్య అరుగు మీద కండువా పరుచుకుని నడుం వాల్చాడు. అత్తయ్య ఆకు తీసి, నడవ తుడిచి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ప్రతి ఇంట్లో ప్రతి ఆడపిల్లా రోజూ అడిగే మాట, పదేళ్ళలో ఒక్కసారీ తండ్రిని అడిగే వీలు లేని మాట అడిగింది.

"రాత్రికి ఏం వండమంటారు నాన్నా?"

తాతయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నీ ఇష్టం తల్లీ" అన్నాడు.